మన కేసు మనమే చెప్పుకోవచ్చు, కానీ ఆ గడప ఎక్కకముందు ఒక మనిషి కావాలి

మొన్న గురువారం లంచ్ టైంలో మా ఆఫీసులో అకౌంట్స్ చూసే అమ్మాయి క్యారేజీ పట్టుకుని నా టేబుల్ దగ్గరకొచ్చి కూర్చుంది. 28,500 పెట్టి కొన్న వాషింగ్ మెషీనంట, వారంటీలో ఉండగానే మూడుసార్లు మోటార్ పోయిందంట, మూడోసారి వచ్చిన సర్వీసు కుర్రాడు లోపలికి నీళ్ళు వెళ్ళాయి, ఇది వారంటీ కిందకి రాదు అని జాబ్ షీట్ మీద రాసేసి 7,200 కడితే చేస్తా అన్నాడంట. ఎవరో చెప్తే ఒక లాయర్ దగ్గరకెళ్ళింది, ఆయన ఫీజు 15,000, ఖర్చులు వేరే అన్నాడు. ఆయన అడిగింది తప్పని అనను, ఏడాదో రెండేళ్ళో తిరగాలి కదా ఆయన కూడా. కానీ 28,500 కోసం 15,000 పెట్టడం ఏంటని ఈ పిల్లకి నిద్రపట్టట్లేదు. "అక్కా, నువ్వు లాయర్ లేకుండానే కన్స్యూమర్ కోర్టులో గెలిచావంట కదా, నేను చేసుకోగలనా?" అని అడిగింది.

ఇలా అడిగినవాళ్ళందరికీ ఇప్పటిదాకా ఒకటే చెప్తూ వచ్చా, చేసుకోగలవు, భయపడకు అని. ఆ రోజు మాత్రం ఆ మాట వెంటనే నోట్లోంచి రాలేదు. నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది నేను గెలిచిన రోజు కాదు, నా కేసు మొత్తం ఒక రిజిస్టర్డ్ పోస్ట్ రసీదు మీద వేలాడిన రోజు. ఇంకోటి, కారిడార్లో నా పక్క బల్ల మీద కూర్చునే హెడ్మాస్టారు. ఆ రెండూ కలిపి చెప్పకుండా "చేసుకో" అని మాత్రం చెప్తే నేను సగమే చెప్పినట్టు. అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇలాంటి చిన్న చిన్న డబ్బుల కేసుల్లో నష్టపోయిన మనిషే నిలబడి మాట్లాడాలి, అవతల కంపెనీ కూడా లాయర్ని కాకుండా తన మనిషినే పంపేలా చట్టం ఉండాలి, చట్టం తెలిసినవాళ్ళ సాయం మనకి కావాల్సింది బెంచ్ ముందు కాదు, ఫిర్యాదు రాయకముందు. ఈ మూడో ముక్క నాకు ఈ మధ్యే అర్థమైంది.

లారీ దిగిన రోజు

2022 జూన్‌లో హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసి మా ఊరికొచ్చేసాం. ప్యాకర్స్ వాళ్ళకి 32,000, దాని మీద ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ అని ఇంకో 4,500 తీసుకున్నారు. 11వ తేదీ లోడ్ చేసారు, రేపు ఉదయం దిగుతుంది అన్న లారీ నాలుగో రోజు రాత్రి పదకొండింటికి వచ్చింది, అది కూడా మేం ఎక్కించిన లారీ కాదు, మధ్యలో ఎక్కడో సామాను వేరే బండిలోకి మార్చారు. అమ్మ టేకు బీరువా అద్దం వైపు కిందకి పెట్టి దాని మీద గ్రైండర్ పెట్టారు. దింపుతుంటే లోపల గాజు గలగలలాడుతున్న చప్పుడు అమ్మకి వినిపించింది, ఇంకా దుప్పటి విప్పకముందే ఆవిడకి తెలిసిపోయింది. అది మా అమ్మమ్మ ఆవిడకి పెళ్ళికి ఇచ్చింది. ఫ్రిజ్ తలుపు సొట్టపోయి మూత పడట్లేదు, టీవీ స్క్రీన్ మూల నుంచి మూలకి చీలింది, రెండు అట్టపెట్టెలు అసలు రానేలేదు.

డెలివరీ కాగితం మీద సంతకం పెట్టమన్నాడు డ్రైవర్. నేను సంతకం పక్కనే "అద్దం పగిలింది, టీవీ పగిలింది, ఫ్రిజ్ సొట్ట, 2 పెట్టెలు రాలేదు" అని తెలుగులోనే రాసి ఫోటో తీసుకున్నా. అతను ఊరుకోలేదు, అలా రాస్తే మా ఓనర్ నా జీతంలో కోస్తాడమ్మా అన్నాడు. పాపం అనిపించింది కానీ రాసా. తర్వాత నా ఫైల్లో అదే ఏ3 అయ్యింది, ఎగ్జిబిట్ ఏ3, అంటే సాక్ష్యంగా పెట్టిన మూడో కాగితం.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తామంటే పాలసీ నంబర్ ఇవ్వరు. నెలన్నర ఫోన్లు చేసాక తెలిసింది, అసలు పాలసీనే తీసుకోలేదు, 4,500 జేబులో వేసుకున్నారు.

అప్పుడు మా ఎదురింట్లో ఉండే ఒక రిటైర్డ్ గుమాస్తా గారు, రెవెన్యూలో చేసారాయన, ఒక మాటన్నారు. "ఫోన్లో ఎన్ని చెప్పినా గాలికి పోతాయమ్మా, కాగితం మీద పెట్టి రిజిస్టర్ పోస్టులో పంపు, రసీదు దాచుకో." ఆయన చెప్పారని ఆగస్టు 2న రెండు పేజీల ఉత్తరం రాసి పంపా. ఎందుకు పంపుతున్నానో నాకు తెలీదు. పెద్దాయన చెప్పాడు కదా అని పంపా, అంతే.

"లాయర్ గారేరమ్మా?"

2023 జనవరిలో కేసు వేసా. 2019 నాటి కన్స్యూమర్ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చాక మనకి దొరికిన పెద్ద సౌకర్యం ఏంటంటే మనం ఉండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, అంతకుముందైతే కంపెనీ ఉన్న చోటో, గొడవ పుట్టిన చోటో చూసుకుని వేయాల్సొచ్చేది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. మనం కన్స్యూమర్ కోర్టు అనేదాని అసలు పేరు కన్స్యూమర్ కమిషన్, జిల్లా కమిషన్‌లో 50 లక్షల దాకా చూస్తారు కాబట్టి మనబోటి వాళ్ళ గొడవలన్నీ దాదాపు అక్కడికే వస్తాయి.

మొదటి వాయిదా రోజు నా నంబర్ పిలిచారు. లేచి ముందుకెళ్ళా. అటెండర్ నా వెనక్కి చూస్తూ "లాయర్ గారేరమ్మా?" అన్నాడు. "ఎవరూ లేరండి, నేనే" అన్నా. అక్కడున్న నల్లకోట్లన్నీ ఒక్కసారి నావైపు తిరిగాయి. నా కాళ్ళు వణికిన మాట నిజం, ఫైలు గుండెకి ఆనించి పట్టుకున్నా. జడ్జి స్థానంలో కూర్చునే కమిషన్ ప్రెసిడెంట్ గారు మాత్రం మామూలుగా తల ఊపి, పార్టీ ఇన్ పర్సన్, అంటే లాయర్ లేకుండా తనే వచ్చింది అని రాసుకోమని క్లర్కుకి చెప్పి, నోటీసు వెళ్తుందమ్మా, ఫలానా తేదీకి రండి అన్నారు. ఒక నిమిషం పట్టలేదు.

అందరూ అనుకున్నట్టు అక్కడ సినిమాల్లోలాగ వాదనలు, బోనులో నిలబెట్టి ప్రశ్నలు ఉండవు. అంతా అఫిడవిట్, కాగితాలు. నా కేసు 19 నెలలు నడిచింది, 14 వాయిదాలు, మొత్తం కలిపి నేను నోరు తెరిచి మాట్లాడింది లెక్కేస్తే 20 నిమిషాలు ఉంటుందేమో. మిగతాదంతా కాగితాలే మాట్లాడాయి. బిల్లు, ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ, డెలివరీ కాగితం, ఫోటోలు, వాట్సాప్ మెసేజీలు, బీరువా అద్దానికి వడ్రంగి ఇచ్చిన కొటేషన్. వీటిని తేదీల వారీగా పేర్చి, ఏ1 ఏ2 అని నంబర్లేసి, జరిగింది జరిగినట్టు రాసి, నోటరీ చేయించి ఇవ్వడం చదువుకున్న ఏ మనిషికైనా చేతనవుతుంది. ఆ బీరువా ఎలా వచ్చిందో నాకంటే బాగా ఏ లాయర్ చెప్పగలడు? మధ్యలో ఒకసారి ప్రెసిడెంట్ గారి పక్కన కూర్చునే మెంబర్ గారు ఫోటో చూస్తూ "ఈ గీత పాతదేమో కదా" అన్నారు. లేదు సార్, ఇది ఇంట్లో దసరాకి తీసిన ఫోటో, ఇందులో అదే బీరువా ఉంది చూడండి అని వెంటనే ఫోన్లో చూపించి, తర్వాత వాయిదాకి ప్రింటు ఇచ్చా. లాయర్ పెట్టుకుని ఉంటే ఆయన నాకు ఫోన్ చేసి కనుక్కుంటాడు, ఇంకో వాయిదా అవుతుంది, ఈలోపు మెంబర్ గారి మనసులో ఆ అనుమానం నాటుకుపోతుంది.

నా వైపు నుంచి మొదటి వాదన ఇదే. చిన్న కేసుల్లో తేలాల్సింది చట్టం కాదు, ఏం జరిగింది అనేది. అది జరిగిన మనిషికే తెలుసు.

సెక్షన్ 16

ఇక్కడిదాకా చదివి ఊరుకుంటే నేను ఇన్నాళ్ళూ అందరికీ చెప్పిన కథే అవుతుంది. అసలు సంగతి ఆరో వాయిదాకి జరిగింది.

నోటీసు అందాక కంపెనీ 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ ఇష్టపడితే ఇంకో 15 రోజులు, అంతే, 45 దాటితే తీసుకోకూడదని 2020 మార్చిలో సుప్రీం కోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనమే చెప్పింది. నేను క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్నా. 43వ రోజున వేసారు. హైదరాబాద్ నుంచి లాయర్ వచ్చాడు, మంచి మాటకారి, వయసు నలభై లోపే. ఆయన జవాబులో సొట్టల గురించి, అద్దం గురించి పెద్దగా ఏం లేదు. ఒకటే పట్టుకున్నాడు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం సెక్షన్ 16 ప్రకారం సామాను పాడైతే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు, కేసు వేయకముందే, రవాణా చేసినవాడికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఇవ్వకపోతే కేసే చెల్లదు, ఈవిడ లీగల్ నోటీసు ఏదీ ఇవ్వలేదు కాబట్టి కొట్టేయండి.

నాకు ఆ చట్టం ఒకటుందని కూడా తెలీదు. కన్స్యూమర్ చట్టం మూడుసార్లు చదువుకుని వెళ్ళా, అందులో ఎక్కడా అది లేదు. చెవుల్లో గుయ్యిమంటోంది. ప్రెసిడెంట్ గారు "ఏమ్మా, నోటీసు ఇచ్చారా?" అన్నారు. లీగల్ నోటీసు ఇవ్వలేదండి, ఉత్తరం ఒకటి రాసా అన్నా. ఫైల్లో ఉందా అన్నారు. ఉంది, ఏ7, ఆగస్టు 2 నాటిది, వెనకాల అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీద వాళ్ళ ఆఫీసు ముద్ర. ఆయన అది తిప్పి చూసి, అవతల లాయర్‌కి చూపించి, రాతపూర్వకంగా అన్నారు కానీ లాయర్ చేతే రాయించాలని చట్టంలో లేదు కదండీ అన్నారు. జూన్ 11 నుంచి లెక్కేస్తే అది 52వ రోజు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఎదురింటి పెద్దాయన కాళ్ళకి దండం పెట్టా నిజంగానే. కానీ రాత్రి పడుకుంటే ఒకటే ఆలోచన. ఆయన ఆ రోజు గేటు దగ్గర నిలబడి ఉండకపోతే? నాకు న్యాయం ఉంది, ఫోటోలున్నాయి, డ్రైవర్ ముందే రాసిన కాగితం ఉంది, అయినా ఒక్క ఉత్తరం లేకపోతే మొత్తం పోయేది. అది నా తెలివి కాదు, అదృష్టం. నా అదృష్టాన్ని పట్టుకుని ఇంకొకళ్ళకి సలహా కింద ఎలా ఇస్తా?

హెడ్మాస్టారు

నాతో పాటు దాదాపు ప్రతి వాయిదాకీ ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు వచ్చేవారు, లెక్కల మాస్టారు. ఆయన కూడా సొంతంగానే. భార్య ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ కొట్టేసారు, 2017లో. ఆయన పద్ధతైన మనిషి, కోర్టుకెందుకని కంపెనీకి ఉత్తరాలు రాస్తూ వచ్చారు, వాళ్ళు పరిశీలిస్తున్నాం అని జవాబులు ఇస్తూ వచ్చారు, అన్నీ తేదీల వారీగా పంచ్ చేసి నీలం రంగు ఫైల్లో పెట్టుకున్నారు, అంత శుభ్రమైన ఫైలు అక్కడ ఏ లాయర్ దగ్గరా నేను చూడలేదు. కేసు వేసింది 2023లో.

రెండేళ్ళ గడువు అనేది ఒకటుంది, కన్స్యూమర్ చట్టంలో సెక్షన్ 69. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళు. మనం ఉత్తరాలు రాసినంత మాత్రాన అది పెరగదు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తూ వేరే పిటిషన్ వేసుకోవాలి, ఆయనకది తెలీదు, బెంచ్ చెప్పాక వేసారు, కారణం చాలదని కొట్టేసారు. ఆయన భార్య ఆపరేషన్ గురించి, పాలసీ గురించి ఒక్క ముక్క కూడా ఎవరూ వినలేదు. ఆ రోజు బయటికొచ్చి బల్ల మీద కూర్చుని, "లెక్క కరెక్టేనమ్మా, టైం అయిపోయాక పేపర్ ఇచ్చా" అన్నారు. ఏం చెప్పాలో తెలీలేదు, మంచినీళ్ళ సీసా ఇచ్చా.

లాయర్ ఉంటే ఆయన గెలిచేవారా? 2023లో వెళ్తే ఏ లాయరైనా అదే చెప్పేవాడు. 2018లో ఎవరైనా పది నిమిషాలు కూర్చోబెట్టి, మాస్టారూ ఉత్తరాలు ఆపి కేసెయ్యండి అని చెప్పి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత ఆయన ఫైలుతో ఆయనే గెలిచేవారు, నాకు అనుమానం లేదు. ఆయనకీ నాకూ తేడా చదువులో లేదు, ధైర్యంలో లేదు, న్యాయంలో అసలు లేదు. నా ఎదురింట్లో ఒక గుమాస్తా ఉన్నాడు, ఆయన ఎదురింట్లో లేడు.

శాన్ హోజేలో మా చెల్లి

మా పిన్ని కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది. 2024లో అద్దె ఇల్లు ఖాళీ చేస్తే డిపాజిట్‌లో 2,900 డాలర్లు కార్పెట్ పాడైందని పట్టుకున్నారు. అక్కడ స్మాల్ క్లెయిమ్స్ కోర్టు అని ఉంటుంది, మనిషి 12,500 డాలర్ల దాకా అడగొచ్చు, తను 50 డాలర్లు ఫీజు కట్టి వేసింది. ఖాళీ చేసిన 21 రోజుల్లోపు ఎందుకెంత కోసుకున్నారో లెక్క పంపాలని అక్కడి చట్టం, వీళ్ళకి ఆరో వారంలో వచ్చింది. అది చెప్పడానికి లాయర్ అక్కర్లేదు, పోస్ట్ కవర్ మీద తేదీ చాలు.

తను చెప్పిన దాంట్లో నన్ను ఆపేసింది వేరే విషయం. అక్కడ స్మాల్ క్లెయిమ్స్‌లో లాయర్లు వాదించడానికి వీల్లేదు. ఇటు పక్కే కాదు, అటు పక్క కూడా. అంత పెద్ద అపార్ట్‌మెంట్ కంపెనీ తరఫున ఆ ఆఫీసు మేనేజరే వచ్చి నిలబడింది, తనకి రోజూ కనపడే మనిషే. ఇంకోటి, ప్రతి కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, ఉచితంగా సలహా చెప్పే స్మాల్ క్లెయిమ్స్ అడ్వైజర్ ఉండాలని అక్కడ చట్టమే పెట్టారు. ఆయన మన తరఫున కోర్టుకి రాడు. ఏ ఫారం, ఎవరి మీద, ఎంతలోపు, కాగితాలు అవతలివాళ్ళకి ఎవరి చేత అందించాలి, ఇవి చెప్తాడు. మన కాగితాలు మనమే అందిస్తే చెల్లదని తనకి చెప్పింది ఆ అడ్వైజరే. లేకపోతే అక్కడే ఆగిపోయేది.

అంటే మా ఎదురింటి పెద్దాయన పనిని వాళ్ళు ఒక ఉద్యోగం కింద పెట్టారు. నేను అదృష్టం అనుకున్నదాన్ని వాళ్ళు ఏర్పాటు చేసారు.

అక్కడంతా బాగుందని చెప్పట్లేదు. కేసు వేసినవాడు ఓడిపోతే అప్పీలు లేదు, అంతే, అవతలివాడికి మాత్రం ఉంది, ఆ అప్పీలులో లాయర్లు రావచ్చు. ఇది నాకు నచ్చలేదు. గెలిచాక డబ్బులు వసూలు చేసుకోవడం కూడా నీ బాధే, అది ఇక్కడా అంతే.

ఇది మన దగ్గర కుదరదు అనేవాళ్ళకి

ఈ మాట మా ఆయనతో అంటే, కంపెనీల తరఫున లాయర్లని వద్దనడం మన దేశంలో అయ్యే పనేనా అన్నాడు. నేనూ అలాగే అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, ఇది మనకి కొత్త కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేబర్ కోర్టుకి లాయర్ రావాలంటే అవతలి పక్షం ఒప్పుకోవాలి, కోర్టూ అనుమతివ్వాలి అని రాసారు. కార్మికుడి ముందు పెద్ద లాయర్ని నిలబెడితే అది సమాన పోటీ కాదని అప్పుడే ఆలోచించారు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలో కూడా లాయర్ని పెట్టుకోవడం హక్కు కాదు అని ఉంది. మరి 28,500 వాషింగ్ మెషీన్‌కి ఎందుకు పెట్టలేదు? కన్స్యూమర్ కమిషన్‌లో మనం సొంతంగా వాదించుకునే వీలిచ్చి, అవతల హైదరాబాద్ నుంచి లాయర్ రావడానికి కూడా వీలిచ్చి, ఇద్దరికీ సమానంగా ఇచ్చాం కదా అంటే ఎలా?

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలిగ్గా కొట్టేసేది కాదు. కంపెనీ తన మనిషిని పంపితే ఆ మనిషి ఏడాదికి వంద కేసులు చూసి లాయర్ కంటే ఆరితేరిపోతాడు. నిజమే. కాలిఫోర్నియాలో అందుకే కేవలం ఈ కోర్టుల కోసమే పెట్టుకున్న ఉద్యోగిని పంపకూడదు అన్నారు, అయినా దొడ్డిదారులు ఉండే ఉంటాయి. పూర్తిగా సమానం ఎప్పటికీ అవదు, తేడా కాస్త తగ్గుతుంది. నాకు అది చాలు.

ఇంకో ఎదురు వాదన నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మాట్లాడలేనివాళ్ళ సంగతేంటి? మా అమ్మనే తీసుకుంటే, బీరువా ఆవిడది, బాధ ఆవిడది, కానీ ఆ హాల్లో నిలబడి నాలుగు మాటలు చెప్పమంటే ఏడుపొచ్చేస్తుంది. అక్షరం రానివాళ్ళున్నారు. రోజు కూలికెళ్ళేవాళ్ళు 14 వాయిదాలకి 14 రోజుల కూలి పోగొట్టుకుంటారు, నేను క్యాజువల్ లీవులు పెట్టుకున్నా కాబట్టి ఆ లెక్క నా ఖర్చుల్లో కనపడలేదు. నా జేబులోంచి పోయింది జిరాక్సులు, నోటరీ, పోస్టు కలిపి 1,900 అని గొప్పగా చెప్పుకునేదాన్ని, ఆ లీవులు లెక్కేస్తే అంత తక్కువేం కాదు. వీడియోలో విచారణ అడిగే అవకాశం చట్టంలోనే ఉంది, దాన్ని మాటవరసకి కాకుండా మామూలు పద్ధతి చేస్తే సగం బాధ పోతుంది.

మాట్లాడలేనివాళ్ళ తరఫున లాయర్ కాని మనిషి కూడా కన్స్యూమర్ ఫోరంలో మాట్లాడొచ్చని 2011లో సుప్రీం కోర్టు వెంకటాచలం కేసులో ఒప్పుకుంది. ఇది చాలామందికి తెలీదు. కొడుకో కూతురో, పక్కింటి టీచరో నిలబడొచ్చు. ఆడవాళ్ళకైతే ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, కార్మికులకి కూడా. నాకు అది కేసు సగంలో తెలిసింది, అప్పటికే నా పాటికి నేను నడుపుతున్నా కాబట్టి తీసుకోలేదు. ముందే తెలిసుంటే వాదించడానికి కాదు, ఒక గంట కూర్చుని నా ఫైలు చూసి ఏం తక్కువైందో చెప్పమని అడిగేదాన్ని.

ఆ ఒక్క గంట గురించే నా తపనంతా. ప్రతి జిల్లా కమిషన్ ఆఫీసులో వారానికి రెండు రోజులు ఒక లాయర్‌ని, లేదా రిటైరైన క్లర్కుని కూర్చోబెట్టండి. గడువు దాటలేదు కదా, ఇంకే చట్టంలోనైనా ముందు నోటీసు ఇవ్వాలా, ఎవరెవరి మీద వేయాలి, బిల్లు ఎవరి పేరు మీదుంది, ఈ నాలుగైదు ప్రశ్నలు అడిగే మనిషి చాలు. 1915 అని కన్స్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది, బాగానే పనిచేస్తుంది, కంపెనీకి ఫిర్యాదు పంపి చాలాసార్లు అక్కడే తేల్చేస్తారు కూడా. కానీ నా కాగితాలు చేత్తో తిప్పి చూసి, అమ్మా ఇది ఎక్కడ అని అడిగేది ఫోన్ కాదు.

పెద్ద వాటి జోలికి నేను పోను. ఆసుపత్రిలో వైద్యం తేడా జరిగింది, బిల్డర్ ఫ్లాట్ ఇవ్వలేదు, ఇలాంటివాటికి లాయర్ కావాలి, నిపుణుల రిపోర్టులు కావాలి. సొంతంగా చేసుకుంటానంటే నేనే వద్దంటా. ఒకటి మాత్రం తెలుసుకుని వెళ్ళండి, లాయర్ సరిగ్గా చేయలేదని మళ్ళీ ఆ లాయర్ మీద కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళడం కుదరదు, 2024 మేలో సుప్రీం కోర్టు వాళ్ళ సేవ ఈ చట్టం కిందకి రాదని చెప్పేసింది.

ఆర్డర్ వచ్చాక

మధ్యలో ఒకసారి అవతల లాయర్ కారిడార్లో నన్ను పక్కకి పిలిచి "మేడం, 8,000 ఇప్పిస్తా, రాజీ చేసుకుందాం, మీకూ తిరుగుడు తప్పుతుంది" అన్నాడు. మా ఆయన కూడా తీసుకోమన్నాడు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడ్చాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు అని సామెత ఊరికే రాలేదు అన్నాడు. ఆ సామెత నేను చాలా ఆలోచించా. గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చింది ఫీజులు లెక్కేసుకునే కదా. నాకు ఫీజు లేదు కాబట్టి రాజీకి తొందర లేదు. లాయర్‌కి 15,000 కట్టి ఉంటే ఆ 8,000 దగ్గరే పడిపోయేదాన్నేమో, ఇంకా పెట్టుబడి పెట్టే ఓపిక ఉండదు. సొంతంగా చేసుకోవడంలో నాకు దొరికిన బలం ఇదే, అవతలివాడు నన్ను అలసిపోయేలా చేయడం కష్టమైపోయింది.

2024 ఆగస్టులో ఆర్డర్ వచ్చింది. సామాను నష్టం 38,000, ఇన్సూరెన్స్ పేరుతో తీసుకున్న 4,500 వెనక్కి, మానసిక వేదనకి 10,000, ఖర్చులు 3,000. చట్టం చెప్పేది మూడు నెలల్లో తేల్చమని, నాకు 19 పట్టింది. ఆ తర్వాత కూడా వాళ్ళు అప్పీలుకి వెళ్ళలేదు, డబ్బూ కట్టలేదు, ఫోన్ ఎత్తడం మానేసారు. నవంబరులో మళ్ళీ ఆ ఆర్డర్ అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసా. ఆర్డర్ పాటించకపోతే నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25,000కి తగ్గకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ, కన్స్యూమర్ చట్టం సెక్షన్ 72లో ఉంది. ఆ నోటీసు వెళ్ళాక కదిలారు. 2025 ఫిబ్రవరిలో డీడీ చేతికొచ్చింది. ఇది చెప్పడం ఎందుకంటే ఆర్డర్ కాగితం చూసి పని అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అక్కడ కూడా చెప్పే మనిషి లేడు.

నిన్న ఆదివారం అకౌంట్స్ అమ్మాయి తన కాగితాలన్నీ ఒక స్వీట్ బాక్సులో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. బిల్లు వాళ్ళ మామగారి పేరు మీదుంది, ఆయన ఊళ్ళో ఉంటారు. మొదటి రెండు జాబ్ షీట్లు ఉన్నాయి, నీళ్ళు వెళ్ళాయని రాసిన మూడోది మాత్రం సర్వీసు కుర్రాడు పట్టుకుపోయాడు, ఫోటో లేదు. కంపెనీకి ముందు మెయిల్ పెట్టి ఆ కాపీ అడగమన్నా, ఫిర్యాదు మామగారి పేరు మీద వేయాలి, ఈ అమ్మాయి ఆయన తరఫున నిలబడాలి, అందుకు ఆయన చేత ఒక ఆథరైజేషన్ లెటర్ రాయించాలి అని చెప్పా. వాళ్ళాయన ఇంకా లాయరే నయం అంటున్నాడంట. మెషీన్ మొదటిసారి ఆగింది పోయినేడాది అక్టోబరులో, కాబట్టి తొందరేం లేదు, కానీ గోడ మీద క్యాలెండర్లో చివరి తేదీ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టుకోమన్నా. మెయిల్ మాత్రం మా టేబుల్ దగ్గరే కూర్చుని తనే టైప్ చేసి పంపింది.